ఈ-గ్రంథముల రూపపరివర్తనమునందలి సంకేతదోషములు

తెలుఁగు గ్రంథములు తాళపత్రమునుండి కాగితమునకును, కాగితమునుండి యచ్చునకును వచ్చినప్పుడెల్లఁ గొన్ని యక్షరములు మాఱినవి, కొన్ని జాఱినవి. వానికి లేఖకప్రమాదములనియు ముద్రణస్ఖాలిత్యములనియుఁ బేళ్లిడి, ప్రతులు గూర్చుకొని సవరించుటయే పరిష్కర్తల జీవితకార్యమయ్యెను. మన కాలమున మఱియొక ప్రయాణము జరుగుచున్నది. ముద్రణముకొఱకుఁ గంప్యూటరునఁ గూర్చిన ఫైళ్లను, పీడీయెఫ్ పుటలను ఈపబ్ మొదలగు నెలక్ట్రానిక్ గ్రంథరూపములలోనికి మార్చుచున్నారు. ఈ మార్పునందుఁ బుట్టు దోషములకును వెనుకటి లేఖకప్రమాదములకును ముఖ్యమైన భేద మొకటి కలదు. లేఖకుఁ డలసి యొకచోఁ దప్పును, వేఱొకచోఁ దప్పఁడు. యంత్ర మట్లు గాదు; అది యొకచోఁ దప్పినచో నదే నియమముచే నన్నిచోట్లను దప్పును. కాఁబట్టి కారణ మెఱిఁగినవాఁడు వేయి దోషముల నొక్కమాఱు సవరింపఁగలఁడు. ఎఱుఁగనివాఁడు కంటఁబడినదానినెల్లఁ జేతితో దిద్దుచుఁ బోయి, నియమబద్ధమైన దోషమును నియమరహితమైన దోషముగా మార్చి, తరువాతివానికి దారి లేకుండఁ జేయును. ఈ దోషములలో మరలింపఁదగినవి యేవి, మరలింపరానివి యేవి యనునదియే యిట విచార్యము.

ఉదాహరణములకై దూరము పోవ నక్కఱలేదు. పూర్వము బంగారపు గనులకుఁ బేరొందిన రామగిరియు, ఆ ప్రాంతమునందలి పెనుకొండ, హిందూపురము, ధర్మవరము నను నూళ్ల పేళ్లును మనకుఁ జాలును. ఈ ప్రదేశము వెనుక ననంతపురము జిల్లాలోనిది; 2022లో నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరినది. ఈ నాలుగు పేళ్లను నాలుగు ఒరగంటులుగా భావింపవచ్చును. వానిలో రామగిరి యెంత పేలవమైన యొరగంటియో ముందు తెలియఁగలదు.

మొదట నక్షరమునకును సంకేతమునకును గల సంబంధమును జెప్పవలెను. కంప్యూటరు అక్షరముల నెఱుఁగదు, సంఖ్యలనే యెఱుఁగును. 1991లో వెలువడిన యూనికోడు ప్రథమప్రమాణమునందే తెలుఁగునకు స్థానము గలిగెను. భారతీయలిపులకై 1988లో నేర్పడిన ఇస్కీ ప్రమాణముయొక్క క్రమమే దానికి మూలము. 3072 మొదలు 3199 వఱకుఁ గల నూట యిరువదియెనిమిది స్థానములు తెలుఁగువి. అందు హల్లులకును అచ్చులకును గుణింతపు గుర్తులకును వేఱువేఱు సంఖ్యలు గలవు గాని, ఒత్తులకు వేఱు సంఖ్యలు లేవు. హల్లు, పొల్లు, తరువాతి హల్లు అని వరుసగా వ్రాసినచో, దానిని సంయుక్తాక్షరముగాఁ జూపుట ఫాంటు పని. కంటికి నాలుగక్షరములుగాఁ దోఁచు రామగిరి శబ్దమున రకారము, దీర్ఘము, మకారము, గకారము, గుడి, రకారము, గుడి యని యేడు సంకేతములున్నవి. వానిని ఫైలునందు నిలుపునపుడు యూటీయెఫ్-8 అను పద్ధతిలో నొక్కొక సంకేతమునకు మూఁడేసి బైటులు పట్టును. రకారమునకు 224, 176, 176 అనునవి మూఁడు బైటులు. గుడి వఱకుఁ గల తెలుఁగు సంకేతములన్నిటికిని మొదటి రెండు బైటులు 224, 176. గుడిదీర్ఘము మొదలుకొని యవి 224, 177.

ఈ చిన్న గణితము నెఱిఁగినచో మిక్కిలి సాధారణమైన దోష మొకటి చూచినతోడనే తెలియును. పుస్తకము తెఱవఁగాఁ దెలుఁగునకు మాఱుగాఁ దలపై వాలుగీఁతగల చిన్న యాంగ్లాక్షరము, దాని ప్రక్క ఉష్ణమానపు సున్న, నడుమనడుమఁ గూడిక తీసివేతల జంటగుర్తు, ఇట్లు పుటనిండఁ గనఁబడును. ఇది యూటీయెఫ్-8 పాఠమును మఱియొక పట్టికతో, ప్రాయికముగా విండోస్-1252 అనుదానితోఁ జదువుటవలనఁ గలిగినది. వాలుగీఁత యక్షరము 224వ స్థానము, చిన్న సున్న 176వది, జంటగుర్తు 177వది. ఇట్టి పుటను జూచి పుస్తకము నశించెనని వగవరాదు. బైటు లింకను నున్నవి. చదివిన తీరే తప్పు. ఫైలు శీర్షమునందు సంకేతపద్ధతి పేరు సరిగా వ్రాసినఁ జాలును, లేదా మార్చు ప్రోగ్రామునకు మూలపద్ధతి యిదియని తెలుపవలెను.

కాని తప్పుగాఁ జదివినదానిని మరల భద్రపఱచినచో వ్యవహారము వేఱగును. విండోస్-1252 పట్టికలో రెండువందల యేఁబదియాఱు గదులలో నైదు ఖాళీగదులు గలవు: 129, 141, 143, 144, 157. ఆ సంఖ్యగల బైటు వచ్చినపుడు కొన్ని ప్రోగ్రాములు దానిని యథాతథముగా నుంచును. కొన్ని త్రోసివేయును, లేదా ప్రశ్నార్థకము నిలుపును. తెలుఁగున నీ గదులఁ బడు సంకేతములేవి? 129తో ముగియునవి అరసున్నయుఁ గొమ్మును, 141తో ముగియునది పొల్లు, 143, 144 క్రమముగా ఏకార ఐకారములు, 157 ఝకారము. తెలుఁగుఁబలుకులలోఁ గొమ్మును, సంయుక్తములలోఁ బొల్లును, ప్రాచీనపాఠములలో నరసున్నయు నెంత విరివిగా వచ్చునో పండితులకుఁ జెప్పనేల? రామగిరి శబ్దమున నీ బైటు లొక్కటియు లేవు. కావున నది యొకమాఱు తప్పుగాఁ జదువఁబడినను జెక్కుచెదరక వెనుకకు వచ్చును. హిందూపురమున రెండు కొమ్ములు పోవును. ధర్మవరమునఁ బొల్లును గొమ్మును రెండును బోవును. మిగిలిన 224, 177 అను జంటనుబట్టి పోయినది పొల్లో కొమ్మో నిర్ణయింప వలనుపడదు. ధర్మవరము, ధరుమవరము, ధర్మవరమ్ అనునవి మూఁడును సాధ్యములే. వచనమున సందర్భమునుబట్టి యూహింపవచ్చును. పద్యమున గురులఘువులతోఁ గూడిన విషయము గనుక నూహ పాఠము గానేరదు. రామగిరి వంటి మాటను మాత్రము పరీక్షించి, మార్పు నిర్దుష్టమని తలఁచువారు మోసపోవుట యిందువలననే.

దీనికంటెఁ గష్టతరమైనది తెలుఁగక్షరము లన్నియుఁ బ్రశ్నార్థకములుగా మాఱుట. తెలుఁగు నెఱుఁగని పట్టికలోనికి మార్చునపు డిది కలుగును. అన్ని యక్షరములకు నొకటే గుర్తు పడినపిమ్మట మరలించుట యసాధ్యము, మూలఫైలునకుఁ బోవలసినదే. ఈ జాతిలోనిదే యార్‌టీయెస్ లిప్యంతరమునకుఁ గలుగు కష్టము. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయముపేరఁ బ్రసిద్ధమైన యా పద్ధతిలోఁ బ్రవాసాంధ్రులు యూనికోడు వ్యాప్తికి ముందే యెంతయో సాహిత్యమును టైపుచేసిరి. అందు నకార ణకారములకును, లకార ళకారములకును భేద మాంగ్లాక్షరపుఁ జిన్న పెద్ద రూపములచేతనే తెలియును. ఏ ప్రోగ్రామో యక్షరములనెల్లఁ జిన్నవానిగాఁ జేసినచో వాణి వాని యగును, కళ కల యగును. ఇదియు మరలింపరానిదే.

ఇఁక డీటీపీ ఫాంటుల విషయము. తెలుఁగుదేశమున నచ్చుకూర్పునకు బహుళముగా వాడఁబడిన అను, శ్రీలిపి మొదలగు ఫాంటులలో నాంగ్లాక్షరముల గదులలోఁ దెలుఁగు ఖండరూపములు నింపఁబడినవి. అందుఁ దలకట్టు వేఱు, ఒత్తు వేఱు, గుడితోఁ గూడిన హల్లు వేఱు. ఆ ఫైలు అక్షరములను గాక యాకారములను, చదువు క్రమమును గాక కన్ను చూచు క్రమమును దాఁచుకొనును. ఇందుండి యూనికోడునకు మార్చునపుడు రెండు పనులు చేయవలెను: ఆకారమునకు సంకేతమును గనుట యొకటి, క్రమమును దిద్దుట రెండవది. మొదటిది చేసి రెండవది చేయనిచోఁ గలుగు వికారములు మనకుఁ గ్రొత్తవి గావు. పుట్టపర్తి నారాయణాచార్యుల పెనుగొండలక్ష్మి పేరునే చూడుఁడు. లక్ష్మి శబ్దమున గుడి కంటికి క్షకారముపైఁ గనఁబడును గాని యుచ్చారణమున మకారమునకుఁ దరువాతిది. కూర్పరి క్షి రూపమును ముందు వేసి మవత్తును దరువాతఁ దగిలించును. తిన్నగా మార్చిన ప్రోగ్రాము దానిని లక్షి్మ అని యిచ్చును. తెలుఁగున గుణింతపు గుర్తునకు వెంటనే పొల్లు వచ్చుట యెన్నఁడును లేదు కావున, అట్టిచోట గుర్తును వెనుకకుఁ ద్రోయుమను నియమ మొక్కటి యీ దోషము నంతటిని దీర్పఁగలదు.

క్రావడి కథ యింకను జిక్కైనది. అది హల్లునకు నెడమప్రక్కనుండి వ్రాయఁబడుటచే నా ఫాంటులలో ముందుగాఁ గూర్పఁబడును. ప్రకాశము ్రపకాశము అగును. పదాదిని నిట్లున్నచో నాధారము లేని గుర్తునకు ఫాంటు చుక్కల వలయమును జూపును గనుకఁ దప్పు పట్టువడును. పదమధ్యమున నట్లు గాదు: చక్రము చ్రకము అగును, చుక్కల వలయము రాదు, యంత్రమున కది నిర్దుష్టమైన సంయుక్తమే. తప్పులన్నియు నేకరీతిగా నున్నంతవఱకు క్రావడిని దరువాతి హల్లునకు మార్చుమను నియమము పనిచేయును. నడుమ నెవరైన సాధువుద్ధితోఁ బదింటిని జేతితో దిద్దియున్నచో, నా నియమము దిద్దినదానిని మరలఁ జెఱచును. ప్రకాశము పక్రాశము అగును. కాఁబట్టి డీటీపీ మూలమును మార్చునపుడు నియమములన్నియు నడచిన పిమ్మటనే చేయి పెట్టవలెను.

ఇంకొక జాగ్రత్త. ఒకే పుస్తకమున శీర్షికల ఫాంటు వేఱు, పాఠపు ఫాంటు వేఱు, ఉద్ధరించిన యాంగ్లవాక్యముల ఫాంటు వేఱు. ఒక్క పట్టికతో నంతయు మార్చినచో శీర్షికలు చెడును, ఆంగ్లము నిరర్థకమైన తెలుఁగగును. ఏ ఖండ మే ఫాంటుననున్నదో ముందుగా విభజించుకొనవలెను. ఈ సమాచారము కూర్పు ఫైలునందుఁ బూర్తిగా నుండును. పీడీయెఫ్ నందో, యది పుటయొక్క చిత్రమువంటిది. ఏ యాకార మెచట నుండవలెనో చెప్పునుగాని, ఆ యాకార మే యక్షరమో తెలుపు పట్టిక యందుండుట నియతము గాదు. అచ్చుప్రతి చక్కఁగా నున్నది గదా యని పీడీయెఫ్‌నుండి యీపబ్ చేయఁబూనుట తఱచుగా జరుగుచున్నది. కూర్పు ఫైలు దొరకునంతవఱకుఁ బీడీయెఫ్ జోలికిఁ బోఁగూడదని నా యభిప్రాయము.

పైదోషములు కంటికిఁ దెలియును. కంటికిఁ దెలియనివి యింతకంటె నపాయకరములు. హిందూపురములోని నిండుసున్న 3074వ సంకేతము. తెలుఁగంకెలలోని సున్న 3174వది. రెండింటి యాకార మించుమించుగా నొక్కటియే. హి౦దూపురము అని యంకెసున్నతో వ్రాసినను జదువరి కేమియుఁ దోఁపదు. కాని యా గ్రంథమున హిందూపురమును వెదకినచో యంత్రము లేదనును. విసర్గకు మాఱుగా నాంగ్లపు ద్విబిందువు వేసి దు:ఖము అని వ్రాయుటయు నిట్టిదే. పంక్తి చివర నా మాట రెండుగా విఱిగినపుడు దోషము బయటపడును. ఐత్వమును 3144 అను నొక్క సంకేతముగాను వ్రాయవచ్చును, ఎత్వమును దాని క్రిందిగుర్తును జేర్చి 3142, 3158 అను రెండింటితోను వ్రాయవచ్చును. యూనికోడు రెండును సమానములనియే చెప్పుచున్నది. కాని సామాన్యములైన వెదకు సాధనము లన్నియు నా సమానత్వమును బాటింపవు. ఋషి శబ్దమును బకారమునకు రెండు కొమ్ములిచ్చి బుుషి అని కూర్చుటయు, అవగ్రహమునకు నాంగ్లపు ఎస్ అక్షరమును వాడుటయుఁ బ్రసిద్ధములే. నిఘంటుకర్తకుఁ బదప్రయోగములు గావలెనన్నచో, పదసూచి కూర్చువానికి లెక్క గావలెనన్నచో, ఇట్టి పాఠము మౌనముగా నబద్ధమాడును.

అవగ్రహమునకు ఎస్ అక్షరమును వాడినవారి నెల్లఁ దప్పుపట్టరాదు. తెలుఁగు అవగ్రహమునకు యూనికోడునఁ జోటు 2008లోఁ గలిగెను. దంత్య చజలగు ౘ, ౙ లకును నదే సంవత్సరము. శాసనములందలి ఴకారమునకు 2014లోను, ౚకారమునకు 2015లోను, పాతయచ్చునందలి నకారపొల్లునకు 2021లోను స్థానములు గలిగెను. కావున నొక ఫైలు ఏ సంవత్సరమున సిద్ధమయ్యెనో తెలిసినచో నందుఁ గొన్ని యక్షరము లేల లేవో తెలియును. అరసున్నయు ఱకారమును మొదటినుండి యూనికోడున నున్నవి. అవి లేకపోవుటకు సంకేతము కారణము గాదు, ఉపేక్షయే. యంత్రముచేఁ బుటచిత్రమును జదివించునపుడు పాతయచ్చునందలి యరసున్న మరకగా నెంచఁబడి తొలఁగుట గలదు. అది తొలఁగినచో ఏఁడు ఏ డగును, సంవత్సరము సంఖ్య యగును. నాఁడు నా డగును, దినము దేశ మగును. ఱకారము రకారమైనచో ఏఱు ఏరుగా మాఱి, నది యేరుకొనుటగాఁ బరిణమించును. వలపలగిలకను యంత్రము తొమ్మిది యంకెగాఁ జదువుటయుఁ గలదు. ధర్మవరమునకుఁ బూర్వముద్రణములందలి రూపమును జదివించినచో ధమ౯వరము అని వచ్చుట కిదియే కారణము. తొమ్మిదియంకె పదమధ్యమున సహజముగా రాదు గనుక నీ దోషమును నియమముతోఁ దీర్పవచ్చును. పోయిన యరసున్నను మాత్రము మూలపుటను జూచియే నిలుపవలెను.

పొల్లు, పంక్తి అను రెండింటిని గూర్చి యొకమాట. డిస్ట్రిక్ట్‌బోర్డు వంటి మాటలలోఁ బొల్లు పొల్లుగా నిలుచుటకు దాని పిమ్మటఁ గంటికిఁ గనఁబడని 8204వ సంకేత మొకటి యుండును. అనావశ్యకములను దుడిచివేయుదునని కొన్ని మార్పు ప్రోగ్రాములు దానిని దుడుచును. అంతట నది డిస్ట్రిక్ట్బోర్డు అగును. పద్యములలో నపాయ మింకొకవిధముగా వచ్చును. వచనపుస్తకముల పంక్తులను గలిపి పేరాలుగాఁ జేయుటకుఁ గాలిబర్ మొదలగు ప్రోగ్రాములలో నొక యైచ్ఛికసౌకర్యము గలదు. పద్యగ్రంథమున దానిని వాడినచోఁ బాదము లొకదానితో నొకటి యతుకుకొని, యతిస్థానమును బ్రాసాక్షరమును గుర్తింప వీలులేక పోవును. పాదాంతమున ద్రుతపుఁ బొల్లున్నచో నది తరువాతి పాదమున మొదటి హల్లుతోఁ గలసి సంయుక్త మగును. పద్యమునకుఁ బ్రతిపాదము ప్రత్యేకఖండముగా గుర్తు పెట్టిన పిమ్మటనే మార్పునకుఁ బూనుకొనవలెను.

కొన్నిచోట్ల సంకేతమున దోషమే లేదు, చూపుటయందే కలదు. అక్షరములకు మాఱుగా గళ్లు కనఁబడినచో నా సాధనమునఁ దెలుఁగు ఫాంటు లేదని యర్థము. పొల్లులు విడివిడిగాఁ గనఁబడి యొత్తులు రాకున్నచో, ఆ సాధనమునకుఁ దెలుఁగు సంయోగనియమములు తెలియవని యర్థము. అక్షరముల నడుమ నెడము పెంచు నలంకారసూత్ర ముండినను నొత్తులును గుణింతపు గుర్తులును జెదరుట గలదు. ఈ మూఁటియందును బాఠమును ముట్టరాదు. ఒక పాతసాధనమునఁ జక్కఁగాఁ గనఁబడుటకై పాఠముయొక్క క్రమమునే మార్చువారు గలరు. ఆ సాధనము పోవును, ఆ తప్పుపాఠము మిగులును.

గ్రంథపేటిక దోషములు చిన్నవి. ఈపబ్ అనునది కుదించి కట్టిన మూట; దానిజాతిని దెలుపు చిన్నఫైలు మొట్టమొదట, కుదింపఁబడకుండ నుండవలెను. సామాన్యసాధనముతో మరలఁ గట్టినపు డీ నియమము తప్పును. లోపలి పుటలందుఁ దెఱచిన గుర్తు మూయకున్నను, ఆంపర్సాండును విడిగా నుంచినను, పుట తెఱవఁబడదు. ఈపబ్‌చెక్ అను పరీక్షకసాధనము వీనిని బంక్తిసంఖ్యతో సహా చూపును. అది చూపనివి మాత్రము పైన జెప్పిన పాఠదోషములు. దానికి వ్యాకరణముతోఁ బనిలేదు.

ఈ-గ్రంథమును బ్రకటించువారు గ్రంథాంతమున నొకపుట గద్యగా నుంచి, మూల మే ముద్రణము, కూర్పుఫైలా పుటచిత్రమా, ఏ ఫాంటు, ఏ సంవత్సరమున మార్చిరి, ఏ నియమములు నడపిరి యని వ్రాయుట యవసరము. మూలఫైలును మార్పునకుఁ బూర్వరూపమున వేఱుగా భద్రపఱుపవలెను. పరీక్షకై పాఠశాలపండితులు కొన్ని మాటలను జేర్చుకొనవచ్చును: దుఃఖము, శైలము, ఋషి, చక్రము, లక్ష్మి, ఏఁడు, ఏఱు, హిందూపురము, ధర్మవరము. వీనిని మార్చి, మరల వెనుకకు మార్చి, మొదటిదానితో సంకేతసంకేతముగాఁ బోల్చి చూడవలెను. గ్రంథమంతటికి నింత చేయలేనిచో, మార్పునకు ముందును వెనుకను అరసున్నలెన్ని, ఱకారములెన్ని, పొల్లులెన్ని, విసర్గలెన్ని యని లెక్కింపవలెను. ఆ లెక్క కంప్యూటరునకు నిమిషమాత్రపుఁ బని, రెండు లెక్కలకు భేదము వచ్చినచోట మూలపుటను దెఱచి చూడవలెను.